బదులు మనిషి

2024 జూన్ పదకొండు, మంగళవారం, ఉదయం ఆరు గంటల పది నిమిషాలు. గణపవరం దాటాక వచ్చే మా రొయ్యల ఫ్యాక్టరీ గేటు ముందు రెండు బస్సులు ఆగి ఉన్నాయి. మా వ్యాను వాటి వెనక ఆగవలసి వచ్చింది. దిగుతున్నవాళ్ళు మా ప్రాంతం వాళ్ళు కారని చూడగానే తెలిసింది. ఇరవై, ఇరవై రెండేళ్ళ ఆడపిల్లలు, వాళ్ళతో కొందరు కుర్రాళ్ళు. ఒక్కొక్కరి చేతిలో ఒక రేకు పెట్టె, చంకలో చుట్టిన కంబళి. జూన్ ఉక్కపోతలో కంబళి తెచ్చుకున్నవాళ్ళు నాలుగు రోజులుండి పోవడానికి రాలేదు. ఆ సాయంత్రం డైరీలో ఆ ఒక్క వాక్యమే రాసుకున్నాను.

వాళ్ళు నేపాల్ నుంచి వచ్చారనీ, తెల్లవారుజామున తాడేపల్లిగూడెం స్టేషన్లో దిగారనీ వ్యాను డ్రైవరు చెప్పాడు. ఫ్యాక్టరీ వెనక వేసవి అంతా కట్టిన మూడంతస్తుల మేడ ఎవరికోసమో మాకప్పుడు అర్థమైంది. అంతవరకూ అది సరుకు దాచే గోడౌను అనుకున్నాం. గోడౌనుకు కిటికీలెందుకని ఎవరమూ అడగలేదు. ఆ కిటికీలన్నీ ఫ్యాక్టరీ వైపే ఉన్నాయి. రోడ్డు వైపు ఒక్కటీ లేదు.

మాది కొల్లేటి గట్టున ఊరు. మా ముఠాలో పన్నెండుమందిమి. ఒకప్పుడు అది నాట్ల ముఠా. వరిచేలు చెరువులయ్యాక ఊడ్చడానికి చేలు లేవు, ముఠా మాత్రం ఉంది. ముఠా ముఠాగానే ఫ్యాక్టరీకి మారింది. నేను ఇంటర్ వరకు చదివినదాన్ని. మిషన్ బడిలో పంతులుగా చేసిన మా నాన్నగారు ఏ రోజు సంగతి ఆ రోజే రాసి పెట్టుకోవాలని నేర్పారు. తొమ్మిదేళ్ళుగా గ్రేడింగ్ బల్ల దగ్గర పని నాది. కిలోకు ముప్పై తూగే రొయ్య ఏదో, నలభై తూగేది ఏదో చేత్తో తెలుసుకుని వేరు చేయాలి. అందులో గొప్పేమీ లేదు, ఏడాది చేస్తే ఎవరికైనా వస్తుంది.

నాట్ల కాలం నుంచీ ముఠాకు ఒక కట్టుబాటు ఉంది. రైతుకు పన్నెండుమందిని ఒప్పుకుంటే పన్నెండుమందీ గట్టు దిగాలి. ఒకరికి జ్వరమొస్తే ఆ ఇంట్లోంచి ఇంకొకరు దిగాలి. అక్కకు బదులు చెల్లెలు, అత్తకు బదులు కోడలు. దాన్ని ఎవరూ తప్పు అనుకోలేదు. మనిషిని పంపకుండా వరస ఖాళీ పెట్టడమే తప్పు. ఫ్యాక్టరీలో కార్డులు ఇచ్చాక కూడా అదే సాగింది. తెల్లకోటు, తలకు వలటోపీ, ముక్కుకు గుడ్డ. అన్నీ తగిలించుకున్నాక అత్తెవరో కోడలెవరో సూపర్‌వైజరుకు కూడా తెలియదు. తెలిసినా, పని జరుగుతోంది కదా అని ఊరుకునేవాడు.

ఇంతకీ మేము కోరుకున్నది పర్మినెంటు. సరుకు వచ్చిన రోజున పని, రాని రోజున ఇల్లు అన్నది మా బతుకు. చెరువులకు తెగులొచ్చిన నెలల్లో వ్యాను అసలు ఊళ్ళోకే రాదు. పర్మినెంటు అయినవాళ్ళకు సరుకు రాకపోయినా నెల జీతం, వైద్యానికి కార్డు. మా అమ్మకు రెండు కళ్ళలోనూ శుక్లాలు. ఆ కార్డులో అమ్మ పేరు కూడా రాయించవచ్చని తెలిసిన రోజు నుంచి నాకు ఆ ఉద్యోగం మీద ఆశ కాదు, లెక్క ఏర్పడింది. ఈ ఏడాది చివరకు కొందరిని పర్మినెంటు చేస్తారన్న మాట మే నెలలోనే వచ్చింది. జూన్‌లో బస్సులు వచ్చాయి.

ఆ రోజు తిరుగు వ్యానులో ఎవరి గొంతూ తగ్గలేదు.

"చెరువులు మనవి, కంపు మనది, చేతులకు పుళ్ళు మనవి. ఉద్యోగం మాత్రం కొండ దిగొచ్చినవాళ్ళకా?"

"నువ్వూ రేపు కంబళి కప్పుకుని రా. నిన్నూ తీసుకుంటారు."

"నవ్వకండే! వాళ్ళు అక్కడే తిని అక్కడే పడుకుంటారు. పండగకు సెలవంటారా? పిల్లాడికి వాంతులంటారా? మనలాంటివాళ్ళతో యజమానికేం పని?"

ముఠాకు పెద్ద అరవైకి దగ్గరపడిన మనిషి. మేమంతా పెద్దమ్మా అంటాం. ఆవిడ అందరూ అయ్యాక ఒక్క మాట అంది. "మన ఊరి మగాళ్ళ ముందు ఈ మాటలు అనకండర్రా. మనం మాటతో పోనిస్తాం. వాళ్ళు పోనివ్వరు."

వాళ్ళు పోనివ్వలేదు. జూలై రెండో ఆదివారం ఆ పిల్లలను సంతకు తీసుకెళ్ళిన బస్సు మీద మా అడ్డరోడ్డు దగ్గర రాయి పడింది. అద్దం పగిలి ఒక పిల్లకు నుదురు చిట్లింది. ఐస్ ఫ్యాక్టరీలో దిమ్మలు మోసే మా తమ్ముడు ఆ సమయానికి అడ్డరోడ్డు దగ్గరే ఉన్నాడు.

"ఎవరు వేశార్రా?"

"నేను చూళ్ళేదక్కా," అన్నాడు అన్నంలో చూపు ఎత్తకుండా. కాసేపటికి తనే, "ఒక్క రాయికే ఇంత గోలైతే ఎలా?" అన్నాడు. ఇంకా రాళ్ళున్నాయన్నట్టుగా వినిపించింది నాకు. మళ్ళీ అడగలేదు.

రాయి పడ్డాక గేటు మారింది. కాపలావాళ్ళు రెట్టింపయ్యారు. వ్యానులను రోడ్డు మీదే ఆపి, ఒక్కొక్కరినీ లోపలికి పంపేవారు. భద్రత కోసం గేటు దగ్గర వేలిముద్ర మిషను పెడుతున్నామనీ, ఇకమీదట మిషను గుర్తించినవాళ్ళకే ప్రవేశమనీ నోటీసు అంటించారు. ముద్రలు తీసుకునేది ఆగస్టు ఆరు, మంగళవారం, ఒక్క రోజే.

అమ్మకు ఏలూరులో కుడికన్ను ఆపరేషను కూడా ఆ రోజే పడింది. మూడు నెలలు ఎదురుచూస్తే దొరికిన తేదీ అది. నేను క్షణం కూడా తటపటాయించలేదు. మా తమ్ముడి భార్య నాకు బదులు ముందు కూడా వెళ్ళిన మనిషే. కార్డు ఆమె చేతికిచ్చి నేను అమ్మతో ఏలూరు బస్సెక్కాను. వరస ఖాళీ ఉండకూడదన్నదే నా ఆలోచన. ముద్ర అంటే హాజరు లాంటిదే అనుకున్నాను. ముఠాలో ఎవరమూ అంతకుమించి అనుకోలేదు.

మధ్యాహ్నం ఆసుపత్రి వరండాలో ఉండగా ఫోను వచ్చింది.

"వదినగారూ, మీ పేరు పోనివ్వలేదండీ! కార్డు నంబరు చదివాడు, పది వేళ్ళూ పెట్టించుకున్నాడు. పచ్చలైటు వెలిగిందండీ."

"ఎవరూ ఏమీ అడగలేదా?"

"ముక్కుకు గుడ్డ తియ్యమని కూడా అనలేదండీ. ఆ నేపాలు పిల్లలు మాత్రం నన్నే చూశారు."

మర్నాడు నేను వేలు పెడితే ఎర్రలైటు వెలిగింది. నా వెనక నలుగురికి కూడా ఎర్రలైటే వచ్చింది. ఏళ్ళ తరబడి ఐసునీళ్ళలో, బ్లీచింగ్ నీళ్ళలో నానిన వేళ్ళు అరిగి నున్నగా అవుతాయి. మా చేతులను మిషను చదవలేకపోయింది. సూపర్‌వైజరు విసుక్కుని, అలాంటివాళ్ళ పేర్లు విడిగా రాసుకుని లోపలికి పంపాడు. నా పేరు కూడా ఆ అరిగిన వేళ్ళవాళ్ళలో కలిసిపోయింది. పక్కన నేపాల్ పిల్లలు ఒకరి తరువాత ఒకరు వేలు పెట్టారు. పచ్చ, పచ్చ, పచ్చ.

సెప్టెంబరులో వాళ్ళలో ఒక పిల్లను నా బల్లకు ఎదురుగా నిలబెట్టారు. నుదుటి మీద మానిన గాటు ఉంది. మా వాళ్ళెవరూ ఆమెతో మాట్లాడరు, నేనూ మాట్లాడలేదు. ఆమె నా చేతులను చూసి చూసి గ్రేడింగు పట్టేసింది. అక్టోబరు నాటికి తెలుగు ముక్కలు కూడా పట్టింది. ఒకరోజు సరుకు ఆలస్యమై అందరం చేతులు ముడుచుకుని నిలబడి ఉండగా తనే అడిగింది.

"అక్కా, పర్మినెంటు మీ ఊరివాళ్ళకే కదా?"

"మీకే అంటున్నారు కదమ్మా."

"మాకు కాదు. పదకొండు నెలల కాగితం మాది. బాగా చెయ్యకపోతే పంపేస్తాం, ఊరివాళ్ళు వాకిట్లో ఉన్నారు అని చెప్తారు." అని మేడ వైపు చూసింది. "ఎనిమిదింటికి బయట నుంచి తాళం వేస్తారు. రాళ్ళు పడతాయి, అందుకే అంటారు."

నేను ఆ సాయంత్రం ఈ మాట వ్యానులో చెప్పాను. "అబద్ధం," అంది ఒకరు. "నిజమైతే మనకేమన్నా ఒరుగుతుందా?" అంది మరొకరు. పెద్దమ్మ కిటికీ లోంచి చెరువుల వైపు చూస్తూ కూర్చుంది. చెరువుల్లో రొయ్యలకు గాలి అందించే చక్రాలు నీళ్ళను కొడుతున్న చప్పుడే ఊరిదాకా వినిపించింది.

నవంబరులో నోటీసు వచ్చింది. పర్మినెంటుకు పాతవాళ్ళ పేర్లే చూస్తారు, కానీ మిషను గుర్తించినవారివి మాత్రమే. వేళ్ళు అరిగినవారికి ఇరవై ఐదో తేదీ, సోమవారం, ఆఫీసు గదిలో పెద్ద మిషను మీద మళ్ళీ పరీక్ష.

హైదరాబాదు నుంచి వచ్చిన అధికారి మర్యాదస్తుడే. కూర్చోమన్నారు. చేతులు తుడుచుకోవడానికి మెత్తటి గుడ్డ ఇచ్చారు. నా ముందు వెళ్ళిన ముగ్గురి ముద్రలను మిషను కష్టం మీద పోల్చుకుంది. నా వేలు మాత్రం శుభ్రంగా చదివింది. చదివాక తెర మీద ఒక వాక్యం వచ్చింది. అధికారి దాన్ని రెండుసార్లు చూసి తెరను నా వైపు తిప్పారు. ఈ వేలు ఈ కార్డు మనిషిది కాదు.

"ఆగస్టు ఆరున ముద్ర వేసింది ఎవరండీ?"

చెప్పాను. కన్ను ఆపరేషను చీటీ కూడా చూపించాను. ఆయన శ్రద్ధగా విన్నారు.

"అంటే మీకు బదులు ఇంకొకరు రావడం అలవాటే. మీకొక్కరికేనా, మీ ముఠా అందరికీనా?"

నేను చీటీ మడిచి సంచిలో పెట్టుకున్నాను.

"చూడండి, మీ హాజరు బాగుంది. పని బాగుందని సూపర్‌వైజరు కూడా చెప్పారు. మీకు సహాయం చేయాలనే ఉంది నాకు. ఇలా ఎవరెవరు మారి వచ్చారో రేపు మధ్యాహ్నంలోగా రాసి ఇవ్వండి. మీ ముద్ర మళ్ళీ తీయిస్తాను. పేరు నిలబడుతుంది."

సాయంత్రం వ్యాను కదిలేదాకా ఎవరూ అడగలేదు. కదిలాక అందరూ ఒకేసారి అడిగారు. దాచకుండా చెప్పాను.  

"రాసి ఇచ్చేయండి," అంది వెనక సీట్లోంచి ఒకామె. నాకు కూతురుంటే ఆమె వయసే ఉండేది. అత్తకు బదులు ఆమె నాలుగుసార్లు వచ్చిన సంగతి నాకు తెలుసు. "మీరు చదువుకున్నారు. అక్షరాలు గుండ్రంగా రాస్తారు."

"ఊరుకోవే," అంది పెద్దమ్మ. తరువాత నా వైపు తిరిగింది. "నేను ఏమీ చెప్పనమ్మా. మీ అమ్మకు ఇంకో కన్ను ఉంది."

ఆ మాట దయతో అన్నదో, హెచ్చరికగా అన్నదో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. రోజూ నాకంటే ముందు దిగేవాళ్ళు ఆ రోజు ఎవరూ ముందు దిగలేదు. నేను నడిచేందుకు కాళ్ళు పక్కకు జరుపుకున్నారు. అంతమంది ఉన్న వ్యానులో నా చీర కొంగు ఎవరికీ తగల్లేదు.

ఇంటికొచ్చాక తమ్ముడు గుమ్మంలోనే ఉన్నాడు. కబురు నాకంటే ముందే చేరింది. "ఆ మేడ ఉన్నంతకాలం ఇంతేనక్కా," అన్నాడు. "అది లేకపోతే?" అని నన్ను అడిగాడు.  నాకు తాళం గుర్తొచ్చింది, బయట నుంచి వేసేది.

"లోపల పిల్లలున్నారురా," అన్నాను. "నువ్వు ఆ మేడ వైపు వెళితే నేను రాసి ఇచ్చే మొదటి పేరు నీదే."

వాడు వెళ్ళిపోయాడు. తెల్లవారేదాకా రాలేదు. నేను మేలుకునే ఉన్నాను. గణపవరం వైపు ఆకాశంలో ఎర్రదనం కనిపిస్తుందేమోనని రెండుసార్లు వాకిట్లోకి వచ్చి చూశాను. ఆ రాత్రి కనిపించలేదు.

మర్నాడు మధ్యాహ్నం ఆఫీసు గదికి వెళ్ళాను. "బదులు మనిషిని పంపింది నేను ఒక్కదాన్నే," అన్నాను. అది నిజం కాదని ఆయనకు తెలుసు. ఆయనకు తెలుసని నాకూ తెలుసు. కాగితం మీద రాయమన్నారు. రాశాను. అక్షరాలు గుండ్రంగానే వచ్చాయి. కార్డు బల్ల మీద పెట్టి బయటికి వచ్చేసరికి నా చోట ఆ నుదుటి గాటు పిల్ల ఒక్కతే రెండు తట్టలూ ఏరుతోంది. నన్ను చూసి చేతులు ఆపింది. సూపర్‌వైజరు కేక వేయగానే మళ్ళీ ఏరసాగింది.

డిసెంబరు ముప్పై ఒకటిన వేసుకున్న లెక్క ఇది.

పోయినవి: గ్రేడింగ్ బల్ల దగ్గర తొమ్మిదేళ్ళ చోటు. పర్మినెంటు. వైద్యం కార్డు. అమ్మ ఎడమకన్నుకు ఏలూరులో ఇచ్చిన తేదీ, ఖర్చుకు కూలి లేక వదులుకున్నది. మరదలికి అప్పుడప్పుడూ దొరికే పని, ఆమెను కూడా గేటు దగ్గర ఆపేశారు కాబట్టి. వ్యానులో కిటికీ పక్క సీటు.

మిగిలినవి: ముఠాలో పదకొండుమంది. వారిలో పర్మినెంటు అయినవారు ముగ్గురు, మిగతా ఎనిమిదిమంది ఎప్పటిలాగే సరుకు వచ్చిన రోజున వెళుతున్నారు. అమ్మ కుడికన్ను. తమ్ముడు ఇంట్లోనే ఉన్నాడు, నాతో మాట్లాడటం లేదు. మేడ నిలిచే ఉంది.