రాజమణక్క అన్న రెండో మాట

చెప్పాల్సిన మనిషికి తప్ప ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకు కూడా చెప్పలేదు. నాకు నేను చెప్పుకోవాల్సి వచ్చినప్పుడు కూడా సగంలో వేరే ఆలోచనలోకి జారుకున్నాను. బస్సులో పక్కసీటు మనిషి ఫోన్లో ఏదో వీడియో చూస్తుంటాడు. అందులో ఎవరో ఒక మాట పూర్తి చేయకముందే బొమ్మ మారిపోతుంది. అంతే, నా లోపల ఏదో బరువుగా కదులుతుంది. ఇన్నేళ్ళుగా కదులుతూనే ఉంది.

మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకు చెప్పను. బహుశా అందుకే చెప్పగలుగుతున్నాను.

నేను ఒక మనిషి అన్న మాటను లేకుండా చేశాను. ఆ తర్వాత, ఆ మాట అసలు అన్నానా లేదా అని ఆ మనిషే అనుమానపడేలా చేశాను. మొదటిది తప్పు. రెండోదానికి ఏం పేరు పెట్టాలో నాకు తెలియదు.

మాదాపూర్‌లో అద్దాల మేడలు ఒకదాని వెనక ఒకటి లేస్తున్న రోజులవి. గోదావరి వైపు నుంచి వచ్చి ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరాను. వేరేవాళ్ళు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టుకోవడం నా ఉద్యోగం. యూసుఫ్‌గూడలో ఒక మేడమీద గదిలో అద్దెకుండేవాణ్ణి. కింది వాటాలో రాజమణక్క, ఆమె భర్త యాదగిరన్న. ఆయన షూటింగులకు వ్యాను నడిపేవాడు. అక్క డబ్బింగ్ చెప్పేది. తెలుగు రాని హీరోయిన్లకు గొంతు ఆమెది. ఆమెను మీరు చూసి ఉండరు. విని మాత్రం ఉంటారు.

అక్క పుట్టి పెరిగింది ఆ బస్తీలోనే. మెట్ల దగ్గర ఎదురైతే "ఏంది తమ్మీ, తిన్నవా?" అనే మనిషి, ఫిల్మ్ నగర్‌లో మైకు ముందు నిలబడితే "ఏమిటండీ ఆ మాటలు" అని అచ్చం మా వైపు ఆడపిల్ల అయిపోయేది. ఎక్కడా తడబాటు ఉండేది కాదు. నేను ఆశ్చర్యపోతే నవ్వేది. "పొట్టకోసం నేర్చుకున్న భాష తమ్మీ, మంచిగనే అబ్బింది" అనేది. జ్వరం వచ్చి ఆఫీసుకు పోని రోజు నాకు జావ కాచి పంపించేది. అలాంటి మనిషి.

నాకు వీడియోల పిచ్చి. అప్పట్లో తెలుగులో బ్లాగులు రాసేవాళ్ళే కొద్దిమంది, వాటిలో వీడియోలు పెట్టేవాళ్ళు ఇంకా తక్కువ. చేతిలో ఇమిడే చిన్న కెమెరా ఒకటి కొన్నాను. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దగా ఉండే టేపులు, ఒక్కోటి గంటసేపు తిరుగుతుంది. కోఠీలో వెతికి చొక్కాకు తగిలించే మైకు తెచ్చుకున్నాను. లైట్లు లేవు కాబట్టి కిటికీ వెలుతురు మొహం మీద పడేలా మనిషిని కూర్చోబెట్టడం నేర్చుకున్నాను. టేపులో ఉన్నది కంప్యూటర్లోకి ఎక్కించి, ఉచితంగా దొరికిన సాఫ్ట్‌వేర్‌లో కోసి, అతికించి, ఫైలు కుదించి, వీడియోలు పెట్టే సైటుకు పంపితే అది ఒక కోడ్ ముక్క ఇచ్చేది. దాన్ని బ్లాగులో అతికిస్తే వీడియో అక్కడే ఆడేది. నేర్చుకున్న ప్రతిదీ పాఠాలుగా రాసేవాణ్ణి కూడా. తెలియనివాళ్ళు అడిగితే ఓపికగా జవాబిచ్చేవాణ్ణి. గర్వంగా ఉండేది.

సినిమాల్లో కనపడని మనుషుల గురించి వీడియోలు తీయాలనుకున్నాను. మొదట అక్కనే అడిగాను. ఒక ఆదివారం పొద్దున వాళ్ళ ముందుగదిలో కెమెరా పెట్టాను. ఇంటి భాషలోనే మాట్లాడమని నేనే కోరాను. చేతిలో గోరువెచ్చని నీళ్ళ గ్లాసు పట్టుకుని చాలాసేపు చెప్పింది. అప్పటికి పెద్ద పేరున్న ఒక హీరోయిన్ సంగతి వచ్చింది. ఆమె సినిమాలన్నింటికీ అక్కే గొంతు.

"మొదటి సినిమాల ఆ పిల్లకు ఏడ్వనీకి గూడ రాలేదు తమ్మీ," అంది అక్క నవ్వుతూ. "పెదాలు ఊపుతది, గంతే. ఏడ్చింది నేను."

ఒక గుక్క నీళ్ళు తాగింది. తర్వాత నవ్వు ఆపేసి ఇంకో మాట అంది.

"గది అప్పటి ముచ్చట. పట్టుబట్టి నేర్చుకున్నది. మొన్నటి సినిమాల ఆమె మొఖం జూసుకుంట డబ్బింగ్ చెప్తుంటే నాకే గొంతు పూడుకపోయింది. గా ఏడుపు నాది కాదు, ఆమెదే. నేను ఆమె ఎనకంగ పోయిన."

ఈ రెండో మాటే నేను తీసేశాను.

ఎందుకు తీశాను? చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్న కారణం ఒకటుంది. ఆ సైటు పొడుగు వీడియోలు ఒప్పుకునేది కాదు. ఎలాగైనా కుదించాలి. నిజమే. కానీ నేను అడిగిన తెలివితక్కువ ప్రశ్నలు అందులో ఉంచాను. ఆమె గోడమీద దేవుడి పటాలు ఉంచాను. వాటిలో ఏది తీసినా సరిపోయేది. "ఏడ్చింది నేను" అన్నచోట ఆపితే ఎంత బాగుంటుందో నాకు ఆ క్షణంలోనే తెలిసింది. తెలిసే ఆపాను. "మొదటి సినిమాల" అన్న ముక్క కూడా కత్తిరించాను. కోసినచోట బొమ్మ ఎగిరినట్టు కనిపిస్తుంటే, దానిమీద గ్లాసు పట్టుకున్న ఆమె చేతుల బొమ్మ వేసి కప్పాను. చక్కగా కుదిరింది. వెనక్కి జరిపి మళ్ళీ మళ్ళీ చూసుకున్నాను. మెచ్చుకోలుగా చూసుకున్నాను. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది.

పెట్టేముందు అక్కకు చూపించలేదు. ఆమె అడగలేదు. నా మీద నమ్మకం.

బ్లాగుకు అంతకుముందెప్పుడూ రానంతమంది వచ్చారు. కామెంట్లలో శభాష్ అన్నారు, ధైర్యం అన్నారు. ఎవరి ధైర్యం? ఆ తర్వాత ఒక టీవీ ఛానల్ నుంచి ఫోన్ వచ్చింది. ఆ ముక్క తమ సినిమా వార్తల్లో వేసుకుంటామన్నారు. అవతలి మనిషి ఒకే ఒక్కటి అడిగాడు.

"మధ్యలో ఏమీ కట్ చేయలేదు కదండీ?"

"లేదండీ," అన్నాను.

ఆ సాయంత్రం నుంచి ఆ ముక్క అదేపనిగా తిరిగింది. పెదాలు ఊపుతుంది, ఏడ్చింది నేను. హీరోయిన్ మొహం ఒకవైపు, అక్క మొహం ఇంకోవైపు. జరుగుతున్న సినిమాలోంచి అక్కను తీసేశారు. రికార్డింగ్ సగంలో ఉండగా వేరే అమ్మాయిని పెట్టుకున్నారు. ఒకరి తర్వాత ఒకరు పిలవడం మానేశారు. ప్రతి సినిమా విడుదలకు ముందు ఆ హీరోయిన్ వచ్చీరాని తెలుగులో అక్కకు ఫోన్ చేసేదట. ఆ ఫోన్ కూడా ఆగిపోయింది. అక్కకు అన్నింటికన్నా అదే ఎక్కువ బాధ.

కొన్నాళ్ళకు అక్క మేడమీదికి వచ్చింది. నా గదిలోకి ఎప్పుడూ రాలేదు, గుమ్మం దగ్గరే నిలబడి మాట్లాడేది. ఆ రోజు లోపలికి వచ్చి నిలబడింది.

"మీ దగ్గర అసలు టేపు ఉంటుంది కదండీ," అంది.

నేను ఉలిక్కిపడ్డాను. ఆ భాషలో ఆమె నాతో ఎన్నడూ మాట్లాడలేదు. మైకు ముందు మాట్లాడే తెలుగు అది. నన్ను మీరు అంటోంది.

"ఆ తర్వాత నేను ఇంకొకటి చెప్పానండీ. ఆ అమ్మాయి నేర్చుకుందని, నాకే గొంతు పూడుకుపోయిందని చెప్పాను. వీడియోలో అది రాలేదు. టేపు ఇస్తే ప్రొడ్యూసర్ గారికి చూపించుకుంటాను. ఒక్కసారి వింటే వాళ్ళకే అర్థమవుతుంది."

టేపు నా వెనక బీరువాలో ఉంది. కంప్యూటర్లో చోటు చాలక ఫైళ్ళన్నీ ఎప్పుడో తీసేశాను. ఆ మాట మిగిలి ఉన్నది ఆ ఒక్క టేపులోనే. ఇస్తే ఆమె నిలబడుతుంది, నేను పడిపోతాను. కట్ చేయలేదని చెప్పినవాణ్ణి. అదే ఛానల్ తన ఇంటర్నెట్ విభాగంలోకి రమ్మని నన్ను పిలిచింది, రేపో మాపో వెళ్ళి కలవాలి. ఇదంతా ఆలోచించానా? ఆలోచించేంత సమయం కూడా తీసుకోలేదు. నోరు దానంతట అదే కదిలింది.

"టేపు లేదక్కా. దాని మీదే వేరేది రికార్డు చేసేశాను." అక్కడితో ఊరుకోలేదు. "అయినా నువ్వు ఆ మాట అన్నట్టు నాకు గుర్తులేదు. కెమెరా ఆపేశాక అన్నావేమో."

అక్క నా మొహంలోకి చూసింది. చూసి, తల దించుకుంది.

"అట్లనా," అంది. ఆ ఒక్క మాట మాత్రం ఇంటి భాషలో అంది. మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఇక్కడితో అయిపోయి ఉంటే, భయంలో అబద్ధమాడాను అని చెప్పుకోగలిగేవాణ్ణి. ఆమె వెళ్ళాక తలుపు గడియ వేశాను. బీరువాలోంచి టేపు తీసి, కెమెరాలో పెట్టి మొదటికి తిప్పాను. లెన్సుకు మూత పెట్టి రికార్డు నొక్కాను. చీకటి రికార్డవుతుంటే పక్కనే మంచం మీద కూర్చున్నాను. టేపు మొత్తం చెరగాలంటే గంట పడుతుంది. ఆ గంటలో ఏ నిమిషాన ఆపినా కొంత మిగిలేది. రెండో మాట టేపు చివర్లో ఉంది. కింద అక్క కుక్కర్ పెట్టిన చప్పుడు వినిపించింది. లేవలేదు. టేపు తిరిగి తిరిగి, టక్కుమని ఆగింది. నా అబద్ధం నిజమైంది.

ఆ ఉద్యోగం వచ్చింది. గది ఖాళీ చేశాను. వెళ్ళే రోజు యాదగిరన్నే నా సామాను వ్యానులో ఎక్కించాడు. "నువ్వేం జేస్తవ్ తమ్మీ, నోరు జారింది ఆమెనే గద," అన్నాడు. ఆయన గొంతులో ఓదార్పు ఉంది. నన్ను ఓదారుస్తున్నాడు! నేను తల ఊపాను. నమ్ముతారా, తల ఊపాను.

వాళ్ళు తర్వాత మోతీనగర్ మారిపోయారని, అక్క ఒక చిన్నపిల్లల బడిలో పాఠాలు చెబుతోందని తెలిసింది. కొన్నేళ్ళకు ఎర్రగడ్డ మార్కెట్లో కనపడింది. కూరగాయల సంచి కింద పెట్టి నా చెయ్యి పట్టుకుంది. పెళ్ళయిందా, పిల్లలెందరు అని అడిగింది. మాటల మధ్యలో, ఏదో చిన్న విషయం చెబుతున్నట్టు, "గా మాట నేను అన్న అనే అనుకున్న తమ్మీ. అనలేదేమో. మనసుల అనుకొని, అన్న అనుకున్ననేమో. అప్పటిసంది ఏ ముచ్చటైనా నా యాది మీద నాకే నమ్మకం లేకుంట అయింది" అని నవ్వింది.

అప్పుడు చెప్పాల్సింది. చుట్టూ జనం ఉన్నారు, అంతకన్నా ఏమీ అడ్డు లేదు. ఆలస్యమవుతోంది అక్కా అని వచ్చేశాను. ఒకరి ఉపాధి పోవడం ఒకటి. తన జ్ఞాపకాన్ని తనే నమ్మలేకపోవడం ఎలా ఉంటుంది? బడిలో పిల్లలకు ఏదైనా చెప్పి, చెప్పానా అని తడుముకుంటుందా? ఇంటికి తాళం వేసి, వేశానా అని వెనక్కి వెళ్తుందా? ఆ తర్వాత నాకు పట్టుకున్న ప్రశ్నలు ఇవే.

ఈ మధ్య ఒక రాత్రి టీవీలో పాత సినిమా వస్తోంది. హీరోయిన్ ఏడుస్తోంది. మా ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ, "ఎవరి గొంతో గానీ, ఎంత బాగుందో" అంది. నాకు పేరు తెలుసు. నోటిదాకా వచ్చింది, చెప్పలేకపోయాను. లేచి బాల్కనీలోకి వెళ్ళాను.

ఆ ఆదివారమే మోతీనగర్‌లో వాళ్ళ మేడమీది వాటా కనుక్కుని వెళ్ళాను. అక్క ఉతికిన బట్టలు మడతపెడుతోంది. కుర్చీ చూపించింది, కూర్చోలేదు. కూర్చుంటే మళ్ళీ చెప్పలేనని భయం. నిలబడే చెప్పాను. కోసినది చెప్పాను. టేపు బీరువాలో ఉన్నదని చెప్పాను. మూత పెట్టి చెరిపినది చెప్పాను. నాకు గుర్తులేదని అన్నది కూడా అబద్ధమేనని చెప్పాను.

అక్క కోపగించుకోలేదు. అసలు నన్ను చూడనే లేదు.

"అన్ననా?" అంది.

"అన్నావక్కా."

"గొంతు పూడుకపోయిందని అన్ననా?"

"ఎనకంగ పోయిన అని కూడా అన్నావు."

మడత పెడుతున్న చీర ఒళ్ళోంచి జారిపోయింది. లోపలివైపు తిరిగి పెద్దగా పిలిచింది. "ఏందయ్యో, జర ఇటు రా! ఇన్నవా? నేను అన్ననట! నేను అన్నది నిజమేనట!" ఆ గొంతులో సంతోషం ఉంది. ఆ సంతోషంలో నాకు చోటు లేదు.

యాదగిరన్న వచ్చాడు. మొదట అర్థం కాలేదు. అక్క చెప్పింది. ఆయన నా వైపు తిరిగాడు.

"పో తమ్మీ. ఇగ మా ఇంటికి రాకు," అన్నాడు.

అక్క ఆయన్ను వారించలేదు. క్షమించమని అడగడానికి ఒక మాట సిద్ధం చేసుకుని వెళ్ళాను. అది అనకుండానే చెప్పులేసుకుని దిగివచ్చాను. ఆమె ఇంకా చెబుతూనే ఉంది, పైనుంచి వినపడుతోంది. వీధిలో ఎండగా ఉంది. ఎటు వెళ్ళాలో తోచక కాసేపు అలాగే నిలబడ్డాను. అయినా చాలా ఏళ్ళ తర్వాత ఊపిరి లోపలిదాకా వెళ్ళింది.

ఆమెకు చెప్పేశాక మీకెందుకు చెప్పడం అంటారా? ఆ రోజుల్లో ఆ వీడియో చూసినవాళ్ళలో మీరూ ఉండొచ్చు. చూసి, ఎంత పొగరో అని నవ్వుకుని ఉండొచ్చు. ఆ బ్లాగు ఇప్పుడు లేదు, దిద్దుకోవడానికి చోటు లేదు. మీ ఒక్కరికైనా చెప్పాలి. ఆమె ఆ మాట దగ్గర ఆగలేదు. నేను ఆపాను.