వెనక్కి చూసే హంస

ధర్మవరంలో అమావాస్య నాడు మగ్గాలు పలకవు. రోజూ వీధి పొడవునా నడిచే చప్పుడు ఆగిపోయి, ఇళ్ళ మధ్య గాలి ఊరికి కొత్తగా వచ్చిన మనిషిలా తడుముకుంటూ పోతుంది. పాత ఊళ్ళు చూద్దామని వచ్చి, ఈరక్క ఇంటి ముందుగదిలో అద్దెకు దిగాను. ఆ ఉదయం నేను బయలుదేరుతుంటే ఆమె తల దువ్వుకొని, చేతిలో సంచితో గడపలో నిలబడి ఉంది.

"ఏమమ్మా, హిందూపురం, పెనుకొండ పోతాండావు కదా. నన్నూ తీస్కపో."

"ఏం పనక్కా?"

"పనేం ల్యా. మా ఆయన యాడ తిరిగినాడో చూడల్ల."

ఈరక్కది పోగులు అతికే పని. మగ్గం మీద నిలువు పోగుల వార్పు ఒకటి నేసి అయిపోయాక దాన్ని పూర్తిగా కోసెయ్యరు. దువ్వెన పళ్ళలాంటి పన్నెలో జానెడు పాత పోగుల కొస వదిలేస్తారు. కొత్త వార్పులోని వేల పోగుల్ని ఆ కొసకు ఒక్కొక్కటిగా మెలిపెట్టి కలపాలి. వేళ్ళకు బూడిద రాసుకొని ఆమె ఆ పని చేస్తుంటే, వానచుక్కలు ఒకదాన్నొకటి పట్టుకుంటున్నట్టు ఉంటుంది. కొస కోసేశారంటే ఇక ఆ మగ్గం పని అయిపోయినట్టే.

ఆమె ఇంట్లోనూ ఒక మగ్గం ఉంది. భర్త కేశవమూర్తి పోయినప్పటి నుంచి దాని పన్నెలో ఆ కొస వేలాడుతూనే ఉంది. ఆయన ఆఖరున తెచ్చిన వార్పు అటక మీద పాత పంచెలో చుట్టి ఉంది. ఊరందరి మగ్గాలకూ పోగులు అతికిన చేయి తన మగ్గం వైపు పోలేదు. పాత మగ్గాలు విప్పి కొయ్య కింద కొనుక్కుపోయే సుధాకర్ ఈ సాయంత్రమే వస్తాడు. "కొస కోసిపెట్టుండక్కా" అని చెప్పి పోయాడు. ఆమె సరేనంది.

రైల్లో కిటికీ పక్కన కూర్చొని చెప్పింది. "అమాస వస్తే చాలు, రైలెక్కేవాడు. 'వస్తావా ఈరా' అని అడుగుతాండె. నీ మాదిరి తిరిగేకి నాకేం పనిల్యాదా అంటాంటి. పేకాటకు పోతాండాడని వీధోళ్ళు చెప్తే నమ్మితి."

బయట పెనుకొండ కొండ మెల్లగా తిరిగి మమ్మల్నే చూస్తూ వెనక్కి పోయింది. ముందు హిందూపురం చూసి, వచ్చేటప్పుడు అక్కడ దిగుదామనుకున్నాం.

హిందూపురం పాత బజారుకు ముందు వాసన వస్తుంది, తర్వాత వీధి వస్తుంది. చింతపండు, ఎండుమిర్చి, బెల్లం. పట్టుగూళ్ళ మార్కెట్టుకు దగ్గర్లో రామాంజినేయులు టీకొట్టు. ఈరక్క ఫోన్లో భర్త ఫొటో చూపించింది.

"ఓ, మా అమాసన్న!" అన్నాడతను. "ఏమైపోయినాడమ్మా, కనపడ్డమే మానేసినాడు?"

ఆయన పోయిన సంగతి ఆమె చెప్పింది. అతను కడుగుతున్న గ్లాసు పక్కన పెట్టాడు.

"ఈడ పేకాట ఆడేవాడా?" అని అడిగిందామె.

"పేకాటనా! ఒక టీ గంటసేపు తాగేవాడు. మార్కెట్టుకు పొయ్యి పట్టుగూళ్ళు చెవి దగ్గర పెట్టుకొని, లోపల పురుగు గలగల వినేకి ఊపేవాడు. 'నా చీరలో తెగిన పోగు యాడుందో కనుక్కున్నోనికి చీర ఊరికే ఇస్తా, అతికింది మా ఇంటామె' అనేవాడు." నవ్వాడు. "'మా ఇంటామెకు కాలు కదలదు, నోరు మాత్రం కదుల్తాది' అని గూడా అనేవాడు."

"అట్లనేవాడా!" ఈరక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కోపమో నవ్వో నాకు తెలియలేదు.

టీ తాగి నేను డబ్బులు తీస్తే, "దుడ్లు వద్దులేమ్మా" అన్నాడు రామాంజినేయులు.

పెనుకొండలో కోటగోడల మధ్య నుంచి కొండదారి పట్టాం. రాళ్ళు ఎండను తాగి మెత్తబడినట్టున్నాయి. మధ్యలో పైకప్పు సగం పోయిన ఒక చిన్న మంటపం. ఈరక్క ఆయాసంతో కూర్చొని, సంచిలోంచి కేశవమూర్తి నేసిన చీర తీసింది. అంచు మీద తీగ, తీగ మీద హంసలు. హంసలన్నీ మెడ తిప్పి వెనక్కి చూస్తున్నాయి.

"ఈ బొమ్మ పెనుకొండ రాతిలో చూసినా అనేవాడు. నేను నమ్మలే. హంస ముందుకు చూడల్ల గానీ వెనక్కి చూసేదేందని షావుకార్లు ఎంత తిట్టినా పలికేవాడు కాదు."

స్తంభాల మీద ఒక్కో బొమ్మా తడుముతూ పోయింది. ఒక చోట ఆగింది. అదే తీగ. అవే ఆకులు. తీగ మీద హంస ఉంది. తల ఉండాల్సిన చోట రాయి విరిగిపోయి ఉంది.

"దీనికి తలే ల్యా!" ఈరక్క పగలబడి నవ్వింది. "తల లేదని నీ ఇష్టమొచ్చినట్ల తిప్పినావా, మహానుభావా!"

నవ్వు ఆగాక, మేము ఎక్కి వచ్చిన దారిని వెనక్కి తిరిగి చూసింది. చాలాసేపు.

"ప్రతిసారీ అడిగె," అంది. "వస్తావా అని."

సాయంత్రం మేము ఇంటికి చేరేసరికి సుధాకర్ టెంపో ఆపుకొని అరుగు మీద కూర్చొని ఉన్నాడు.

"యాడికి పోయినావక్కా? ఎండిపోతి. కొస కోసినావా?"

"ల్యా."

"నేనే కోస్తాలే. కత్తెర యాడుండాది?"

అతను అప్పటికే లోపలికి అడుగు పెట్టాడు. కత్తెర మగ్గం గుంజకే వేలాడుతోంది. చెయ్యి చాచాడు.

"సుధాకరా, ముట్టద్దు."

"అదేందక్కా, సరే అంటివి కదా?"

"అప్పుడు నేను పెనుకొండ చూళ్ళేదు."

"పెనుకొండకూ మగ్గానికీ ఏం సంబంధం?"

"పొయ్యి నువ్వూ చూడు. కొంచెం ఆయాసం వస్తాది, అంతే."

సుధాకర్ నా వైపు చూశాడు. నేను కత్తెర వైపు చూశాను. "నేసేదెవురక్కా?" అన్నాడు, ఈసారి నెమ్మదిగా.

"ఇన్నేండ్లు పక్కన కూసోని అంచు పోగు నడిపే నాడె వేసింది ఎవురు? పీట మారితే చేతులు మర్చిపోతాయా? ఎట్లాగూ వచ్చినావు, అటక మీద వార్పుండాది. దించిపో."

మగ్గం కోసం వచ్చిన మనిషి గొణుక్కుంటూ నిచ్చెనెక్కాడు. పంచె మూట దించి, మీది దుమ్ము తన తువ్వాలుతోనే తుడిచాడు. "ఈసారన్నా హంసను ముందుకు చూడనీ అక్కా."

"వెనక్కే చూడనీలే."

మరునాడు వీధి అంతా మళ్ళీ పలుకుతోంది. నేను సంచి సర్దుకొని బయటికి వచ్చేసరికి ఈరక్క తన మగ్గం కింద కూర్చొని ఉంది. వేళ్ళకు బూడిద. ఒడిలో కొత్త వార్పు, పైన పాత కొస. పోగు వెంట పోగు కలుస్తోంది. ఆమె తలెత్తలేదు.

"వచ్చే అమాసకు రామగిరి పోదామనుకుంటాండా. ఆడ బంగారు గనులుండెనంట," అంది. "వస్తావా?"