యంత్రం మెచ్చిన లెక్కలు

ఎనభైల చివర్లో నేను అరకు దగ్గర ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలలో మూడో తరగతి టీచర్ని. ఒక వానాకాలం మా బడికి జీపులో కంప్యూటర్ వచ్చింది. దాంతోపాటు విశాఖపట్నం నుంచి దాన్ని నేర్పే కుర్ర మాస్టారూ దిగాడు. టీవీలాంటి పెట్టె, టైపు మిషన్‌కి ఉన్నట్టు మీటలు, పాఠాలుండే క్యాసెట్లు. తెర మీద కూడిక వస్తుంది, పిల్ల జవాబు నొక్కాలి. ఒప్పయితే నవ్వే బొమ్మ, తప్పయితే ఏడ్చే బొమ్మ.

నాకు మొదటినుంచీ అది మింగుడు పడలేదు. మా నాన్నది సాలూరులో కిరాణా కొట్టు. తూకం వేసి చూడకుండా ఏ సరుకూ గుమ్మం దాటనివ్వని ఇంట్లో పెరిగినదాన్ని. నెల తిరక్కుండానే పిల్లలంతా వరసపెట్టి బొమ్మని నవ్విస్తుంటే సంతోషించాల్సింది పోయి నాకు అనుమానం ముదిరింది. పలక మీద ఎనిమిదీ ఏడూ కూడమంటే గోడకేసి చూసే గుంట, ఆ పెట్టె ముందు కూర్చుంటే ఒక్కటీ తప్పదు.

"మీరేమైనా వెనకనుంచి చెబుతున్నారా?" అని మాస్టార్ని అడిగేశాను.

అతను మొహం మాడ్చుకున్నాడు. "నేను మీటలు ముట్టుకోనైనా ముట్టుకోను మేడమ్. మీరే వచ్చి కూర్చోండి."

వెళ్లి కూర్చున్నాను. అతని చేతులు చూశాను, కళ్లు చూశాను, కిటికీ బయట కూడా చూశాను. ఎవరూ ఏ సైగా చేయడం లేదు. వంతు రాని పిల్లలు చాప మీద కూర్చుని కొండవాళ్ల థింసా ఆటకి పాడే పాటలాంటిదేదో సన్నగా పాడుకుంటున్నారు. అది రోజూ ఉండేదే కాబట్టి నేనెప్పుడూ పట్టించుకోలేదు. ఆవేళ మాత్రం చెవి అటు పడింది.

"పందర, బార, చారి, సాత్..."

మా కొట్టుకి కొండమీంచి ఈ పిల్లల్లాగే ఒరియా మాట్లాడే బేరాలు వచ్చేవి. అంకెలు నాకు తెలుసు. పదిహేను, పన్నెండు, నాలుగు, ఏడు. పెట్టె ముందున్న పిల్ల సరిగ్గా అవే నొక్కుతోంది. తెర మీది లెక్క వైపు కన్నెత్తి కూడా చూడటం లేదు.

క్యాసెట్ ఎప్పుడు పెట్టినా లెక్కలు అదే వరసలో వస్తాయి. పిల్లలు జవాబుల్ని పాట కట్టేశారు.

"ఇదేటే గుంటా, లెక్క సూడకుండా నొక్కేత్తన్నావు?" అన్నాను.

"బొమ్మ నవ్వాల కదా టీచరమ్మా," అంది, ఇందులో అడగడానికేముందన్నట్టు.

ఆ సాయంత్రం మాస్టారూ నేనూ చాలాసేపు మాట్లాడుకున్నాం. అతను కూర్చుని, లెక్కల వరస ప్రతిసారీ మారేట్టు ప్రోగ్రాం దిద్దాడు. మర్నాడు పాట అందుకున్న మొదటి పిల్లకే ఏడ్చే బొమ్మ వచ్చింది. రెండో పిల్లకీ అంతే. మూడో పిల్ల లేచి పెట్టె వెనక్కి వెళ్లి తొంగి చూసింది. తర్వాత నావైపు తిరిగింది.

"నువ్వే సెప్పేవు దానికి. నిన్న ఇద్దరూ మాట్టాడుకున్నారు."

"ఏటి సెప్పేను?"

"మాకు నవ్వొద్దని."

ఆ తర్వాత ఎవరూ చాప మీంచి లేవలేదు. మాస్టారు బతిమాలాడు, నేను కసిరాను. లాభం లేకపోయింది. ఆఖరికి మీటల పక్కన గుప్పెడు చింతపిక్కలు పోశాను.

"దాన్ని నమ్మకండి, నన్నూ నమ్మకండి. ముందు పిక్కలతో లెక్కెట్టుకోండి. అప్పుడది ఏటంటాదో సూద్దాం."

పెట్టె వెనక తొంగి చూసిన పిల్లే ముందుకొచ్చింది. పిక్కలు పేర్చి, కలిపి, లెక్కపెట్టి, మీట నొక్కింది. బొమ్మ నవ్వింది. పిల్ల మాత్రం నవ్వలేదు. పిక్కలు మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టింది.

"ఈపాలి నిజమే సెప్పింది," అంది.

కొన్నాళ్లకి పై అధికారి చూడటానికి వచ్చాడు. పిల్లలు నిదానంగా పిక్కలు పేర్చుకుంటుంటే ఆయనకి విసుగొచ్చింది. "కంప్యూటర్ ఉండగా ఈ చింతపిక్కలేమిటి? మొన్నటిదాకా ఒక్కటీ తప్పలేదని విన్నానే." పాట సంగతి చెప్పాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. కొత్తది వచ్చిందని కుళ్లుకుంటున్న టీచరు అనుకున్నాడని ఆ చూపే చెప్పింది. వేసవి సెలవులకి ముందే కంప్యూటర్ని కింద మైదానంలోని ఏదో బడికి మార్చేశారు.

జీపు ఎక్కబోతూ మాస్టారు ఆగాడు.

"ఆ పాట మీరే నేర్పించారనుకున్నాను మేడమ్, కొన్నాళ్లు. నన్ను ఇక్కణ్ణుంచి పంపించెయ్యడానికి."

"మీరేదో మోసం చేస్తున్నారని నేనూ అనుకున్నాను."

"ఇప్పుడో?"

"ఇప్పుడు లేదు," అన్నాను. అది నిజమే.

తలూపి జీపెక్కాడు. నమ్మినట్టు మాత్రం కనిపించలేదు.