పంటి కింద గింజ

దమ్మపేటలో బస్సెక్కిన పెద్దావిడ వడ్ల మూట ఒళ్లో పెట్టుకుని నా పక్కన కూర్చుంది. నా చేతిలోని పుస్తకంలో ఏముందని అడిగింది. ఫిజిక్సు లెక్చరర్ని కదా, తెలిసినంతలో చెప్పాను. విశ్వమంతా ఒక పెద్ద లెక్కలా నడుస్తోందట. అందులో ప్రతి అణువునూ వెంబడించే శక్తి లేక మనం అన్నిటినీ గుంపుగా చూస్తామట. మన సూత్రాలన్నీ ఆ చూపులోంచి పుట్టినవేనట.

"అంతా మన చేతకానితనమే అమ్మా," అన్నాను.

ఆమెకు కోపమొచ్చింది. "చేతకానితనమేంది సారూ? కుప్పల గింజ గింజ చూసుకుంట కూసుంటే వడ్లు ఎన్నడెత్తాలె?" మూటలోంచి ఒక గింజ తీసి ఇచ్చింది. "కొరకుండ్రి."

కొరికాను. విరగకుండా మెత్తగా నలిగింది.

"పచ్చిగా ఉన్నాయి. ఇంకో ఎండ కావాలి," అన్నాను.

"ఒక్క గింజ కొరికి కుప్పంతటికీ చెప్పిన్రు గదా! మీ పెద్ద లెక్కను గిట్ల కొరకమనుండ్రి, చూద్దాం. ఎండిందో లేదో గింజకు తెల్వదు సారూ. చెప్పేది మన పన్నే."

ఇప్పుడు అణువులను గుంపుగా లెక్కగట్టే వాయువుల పాఠం రోజున జేబులో గుప్పెడు వడ్లు వేసుకుని వెళ్తాను. ఇది సిలబస్‌లో ఉందా అని అడిగినవాళ్లకే మొదటి గింజ.