రెడ్డెప్ప సార్ పచ్చని చేను

వంటింట్లో వేరుశనగ ఉండల కోసం బెల్లం కరిగి ఆ తీపి వాసన లేస్తే చాలు, నాకు రెడ్డెప్ప సార్ గుర్తొస్తారు. వెంటనే మనసు చేదవుతుంది. తొంభైల్లో నేను పుంగనూరులో వ్యవసాయ సహాయకురాలిగా చేరినప్పుడు ఆయన నా పై అధికారి. మేలు చేసే బ్యాక్టీరియా ఉన్న నల్లపొడిని వేరుశనగ విత్తనాలకు పట్టించడం నేర్పింది ఆయనే. పొడి విత్తనాలకు అంటుకోవడానికి కాచిన బెల్లం నీళ్లలో నేను తొందరపడి పొడి కలపబోతే గిన్నె లాక్కున్నారు.

"సల్లారనీమ్మా. ప్రాణముండే వాటిని యాల ఉడకబెడతావు?"

విత్తనాలను నీడలోనే ఎందుకు ఆరబెట్టాలో ఓపికగా చెప్పారు. మొక్క ఎదిగాక పెరికించి, వేరు మీది బుడిపెను గోటితో చీల్చి లోపలి ఎరుపు చూపించారు. ఎర్రగా ఉంటే బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్కకు అందిస్తున్నట్టు. యూరియా ఎక్కువైతే బుడిపెలు సరిగా కట్టవనీ చెప్పారు. "ఆకు సూసి మోసపోవద్దు. పెరికి సూడు" అనేవారు. అంత మంచి గురువు నాకు కాలేజీలో కూడా దొరకలేదు.

ఆ ఏడు ఒక పల్లెలో పొడి పట్టించి వేసిన ప్రదర్శన చేనును చూడటానికి పెద్ద అధికారులు వచ్చారు. చేను నిగనిగలాడుతోంది. పక్క చేని మునెమ్మ ఆశగా అడిగింది. "ఒట్టి నల్లపొడికేనా సార్ ఇంత పచ్చగుండాది?"

"దానికేమ్మా" అన్నారు సార్.

అందరూ వెళ్లాక అలవాటుగా ఒక మొక్క పెరికాను. వేరు దాదాపు బోడిగా ఉంది. ఉన్న ఒకటి రెండు బుడిపెలూ లోపల తెల్లగా ఉన్నాయి.

"యూరియా వేయించారా సార్?"

ఆయన తడబడలేదు. "పెద్దోళ్లు వచ్చేది పచ్చదనం సూసేదానికమ్మా. మన పొడి మంచిదే కదా. నమ్మించేదానికి రవ్వంత ఏయిస్తే తప్పేముండాది?"

ఆ వారమే నన్ను కుప్పం వైపు పనికి పంపేశారు. మరుసటి వానాకాలం తిరిగొచ్చేసరికి, మునెమ్మ తనకున్న ఒక్క చేనులో ఆ పొడినే నమ్ముకుని, యూరియా చల్లకుండా వేరుశనగ వేసిందని తెలిసింది. చూద్దామని వెళ్తే చేను ఖాళీగా ఉంది. మొక్కలన్నీ కొట్టంలో ఆవుల ముందు పడి ఉన్నాయి.

"సార్ సేని మాదిరి రాలేదమ్మా. పాలిపోయినట్టుండె. ఇంక కాయలు యాడ కాస్తాయి, గొడ్లన్నా తింటాయని పెరికేసినా."

ఆవు ముందు నుంచి ఒక మొక్క తీశాను. వేరు నిండా బుడిపెలు. చీలిస్తే ఎర్రగా ఉంది. యూరియా వేయని వేరుశనగ ఆకు ఆ చేలో అలా లేతగానే ఉంటుంది, కాయలు మాత్రం కాస్తాయి. మునెమ్మకు జరిగిందంతా చెప్పాను. ఆమె ఆ వేరును చేతిలోకి తీసుకుని ఇంకో బుడిపె చీల్చి చూసింది.

"అట్లయితే కాసేదే కదమ్మా" అంది.

ఆ ఏడు ఆ ఇంటికి ఆ పంటే దిక్కు. నాకు ఏడుపొచ్చింది. ఆఫీసుకొచ్చి సార్‌కు చెప్తే ఆయన ముఖం వెలిగిపోయింది. "ఎర్రగుండెనా? సూస్తివా, పొడి పనిచేసుండాది" అన్నారు. మునెమ్మ ఏం తింటుందని అడగలేదు.

ఆ సంతోషాన్ని నేను ఇప్పటికీ క్షమించలేదు. ఆయన నేర్పిన పని తప్ప నాకు వేరే విద్య రాదు, అదే నా కడుపుమంట. నేను వేయించే ప్రదర్శన చేలు లేత రంగులోనే ఉంటాయి. చూడవచ్చినవాళ్లు ముఖం చిట్లించి, ఇంకాస్త పచ్చగా ఉంటే బాగుండేది అంటారు.

ఇంతే ఉంటుంది అని చెప్తాను.