మూతలు తీసిపెట్టిన ప్లేట్లు

తెలంగాణ కోసం బంద్‌ల మీద బంద్‌లు నడుస్తున్న రోజుల్లో నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి ల్యాబులో టెక్నీషియన్‌ని. గాలిని శుభ్రం చేసే మిషను ఒకటి మా దగ్గరికి ట్రయల్‌కి వచ్చింది. గోడకి తగిలించే తెల్ల డబ్బా, లోపల ఫిల్టరూ నీలం లైటూ. పై అంతస్తులో ఖాళీగా ఉన్న ఒక గదిలో బిగించారు. క్రిములు తగ్గుతాయని కంపెనీవాళ్లు ఊదరగొట్టారు. నిజమో కాదో తేల్చే పని నా నెత్తిన పడింది.

పద్ధతి తేలికే. క్రిములు పెరిగే జెల్లీ పోసిన చిన్న గాజు ప్లేట్లు ఉంటాయి. వాటిని ఆ గదిలో అక్కడక్కడా పెట్టి, మూతలు తీసి గంటసేపు వదిలేయాలి. గాలిలో ఉన్నదేదో అందులో పడుతుంది. మూతపెట్టి రెండు రోజులు వెచ్చగా ఉంచితే చుక్కలు చుక్కలుగా పైకి తేలుతుంది. ఒక వారం మిషను ఆపి, ఒక వారం నడిపి ఆ చుక్కలు చూడాలి.

మొదటి వారం గంటసేపూ అక్కడే కుర్చీ వేసుక్కూర్చున్నాను. ప్లేట్ల నిండా చుక్కలే. రెండో వారం బంద్. ఎల్బీ నగర్‌లో బస్సులు ఆగిపోయాయి, మా ల్యాబువాళ్లెవరూ రాలేదు. కింద రక్తపరీక్షలన్నీ నేనొక్కదాన్నే చచ్చీ చెడీ చేస్తున్నాను. అందుకని మిషను వేసి, మూతలు తీసి, "గంటయ్యాక తెచ్చివ్వమ్మా" అని ఆ గది ఊడ్చి తుడిచే ఆయమ్మకి చెప్పి కిందికి పరుగెత్తేదాన్ని. ఆమెది నల్గొండ వైపు పల్లె, హయత్‌నగర్‌లో కిరాయికి ఉండేది. ఆ వారమంతా ఒక్క రోజూ మానకుండా నడిచే వచ్చింది.

ఈసారి ఒక్క చుక్క లేదు! ఎగిరి గంతేసినంత పనిచేసి రిపోర్టు పైకి పంపాను. పిల్లల డాక్టరుగారు దానికోసమే కాచుక్కూర్చున్నారు. వార్డులో, క్యాన్సర్ మందులతో ఒంట్లో రోగాన్ని తట్టుకునే శక్తి పూర్తిగా పడిపోయిన ఎనిమిదేళ్ల పాప ఉంది. మామూలు గాలి సోకినా ప్రాణం మీదికొస్తుంది. మిషను పనిచేస్తే ఆ గదిలో ఉంచడం, లేకపోతే ఊరికి అటు చివరనున్న పెద్దాసుపత్రికి పంపడం. రిపోర్టు చూసి, పాపని ఆ మధ్యాహ్నమే గదికి మార్చమన్నారు.

అప్పుడే ఆయమ్మ ప్లేట్లు తెచ్చిన ట్రే కోసం వచ్చింది. "నీ గది అద్దంలా ఉందమ్మా" అన్నాను మెచ్చుకోలుగా.

"గట్లనా మేడం? మీరు తెరిచివెట్టి ఉరుకుతరాయె. ఈగలు వాల్తయని, మీరు పోంగనే నేనే మూతలు వెడ్తున్న."

"ఏమిటీ! రోజూనా?"

"రోజూ. తినేదో తాగేదో నాకేమెరుక? తెరిచి ఎట్ల ఇడిసిపెడ్త?"

మూతలతో తెస్తుంటే మోసేముందు పెట్టిందనుకున్నాను; మూసిన ప్లేట్లలో చుక్కలెలా వస్తాయి! మెట్లెక్కి పరుగెత్తేసరికి పాప స్ట్రెచర్ గది గుమ్మం దాకా వచ్చేసింది. వెనకాల సంచి పట్టుకుని వాళ్లమ్మ. "ఆగండి, రిపోర్టు తప్పు! ప్లేట్లకి మూతలు పెట్టేశారు!" అని అరిచాను.

"ఎవరండీ మూతలు పెట్టింది?" అన్నారు డాక్టరుగారు.

"ఆయమ్మండీ."

పాపని అంబులెన్సులో పంపించారు. బంద్‌లో కూడా దారిలో ఎవరూ ఆపలేదట, క్షేమంగా చేరింది. తర్వాత నేను దగ్గరుండి మళ్లీ పరీక్ష చేస్తే చుక్కలు తగ్గాయి గానీ పోలేదు. అలాంటి పాపకి ఆ మాత్రం శుభ్రం చాలదు.

ఆయమ్మని మర్నాడే తీసేశారు. పోతూ పోతూ ల్యాబుకి వచ్చింది.

"అవి ఏందో ఒక్క మాట చెప్తే నేనే కావలి కూసుందును గద మేడం" అంది. తిట్టినా బాగుండేది, తిట్టలేదు. ఆ రోజూ బస్సుల్లేవు. ఎల్బీ నగర్ వైపు నడుచుకుంటూ పోయింది.

పైకి వెళ్లి, "తప్పు నాదండీ, అవేమిటో ఆమెకి నేనే చెప్పలేదు" అనాల్సింది. అనలేదు. నా ఉద్యోగం పోతుందని భయపడ్డాను.