ఒక్క సీటు లైసెన్సు

మా ఆఫీసు కంప్యూటర్‌కు బాబాయ్ అని పేరు పెట్టింది నేనే. తర్వాత మార్చే అవకాశం వచ్చింది. మార్చలేదు.

ఆఫీసంటే ఖరగ్‌పూర్‌లో ఇందా అనే పేటలో, మందుల షాపు పైన రెండు గదులు. రేకుల షెడ్లకు, నీళ్ల ట్యాంకులకు, స్టేషన్లలో కట్టే ఫుట్‌బ్రిడ్జిలకు డ్రాయింగులు గీసి కాంట్రాక్టర్లకు ఇచ్చేవాళ్లం. యజమాని బెంగాలీ ఆయన, మా అందరికీ దాదా. బాబాయ్ మా నాన్నకు తమ్ముడు. ఆ ఆఫీసు తెరిచినప్పటి నుంచీ అక్కడ డ్రాఫ్ట్స్‌మన్. మా తాత, మా నాన్న రైల్వే వర్క్‌షాపులో పనిచేశారు. బాబాయ్‌కి ఆ ఉద్యోగం రాలేదు. డిప్లొమా అయ్యాక నన్ను దాదా దగ్గర చేర్పించింది ఆయనే. ఇద్దరం మా ఇళ్లున్న తాల్‌బగీచా నుంచి సైకిళ్ల మీద వెళ్లేవాళ్లం.

ఆయన డ్రాయింగు బోర్డు కిటికీ పక్కన ఉండేది. నిలబడి, ట్రేసింగ్ కాగితం మీద సిరాతో గీసేవాడు. గీత తప్పితే బ్లేడుతో గోకి, ఆ చోటును గోటితో రుద్ది, మళ్లీ గీసేవాడు. మొదలుపెట్టిన షీటును పూర్తయ్యేదాకా బోర్డు మీంచి తీసేవాడు కాదు. అన్నానికి ఇంటికి వెళ్లేటప్పుడు దాని మీద పాత పంచె ముక్క కప్పి వెళ్లేవాడు. ఆ గుడ్డను ఎవరూ ముట్టుకునేవారు కాదు.

తొంభైల రెండో సగంలో కాంట్రాక్టర్లు డ్రాయింగులు ఫ్లాపీలో అడగడం మొదలుపెట్టారు. దాదా కలకత్తాలో ఒక కంప్యూటర్ అసెంబుల్ చేయించి తెచ్చాడు. పెద్ద వర్క్‌స్టేషన్ కొనే స్తోమత లేక, లినక్స్ మీద నడిచే డిజైన్ సాఫ్ట్‌వేర్ కొన్నాడు. పెట్టె దించిన రోజే నన్ను మెట్ల దగ్గరికి పిలిచాడు. నాతో మాట్లాడేటప్పుడు బాబాయ్‌ని మీ కాకా అనేవాడు.

"మీ కాకా దీని మీద గీయగలిగితే ఠీక్ హై. లేకపోతే నేనేం చెయ్యను? బోర్డు పని ఇంక రాదు. నువ్వే నేర్పించు."

కాబట్టి బాబాయ్ ఆ ఆఫీసులో ఉంటాడా, వెళ్లిపోతాడా అన్నది నేను నేర్పించడం మీద కూడా ఆధారపడింది. ఈ మాట బాబాయ్‌కి చెప్పలేదు. చెప్పకుండానే ఆయనకు తెలుసు.

నాకు లినక్స్ వచ్చని దాదా నమ్మకం. నాకు వచ్చింది ఒక స్నేహితుడి దగ్గర చూసినంతే. సాఫ్ట్‌వేర్ చేసినవాళ్లు ఒక రకం లినక్స్‌కు చేశారు, మా దగ్గర ఉన్నది ఇంకో రకం. ఇన్‌స్టాల్ అయినట్టే అయి, ఫలానా లైబ్రరీ ఫైలు లేదంటూ ఆగిపోయేది. లైబ్రరీ ఉంది, వేరే నంబరుతో ఉంది. అది వెతుకుతున్న పేరుతో ఉన్నదానికి ఒక లింకు పెడితే ముందుకు కదిలింది. బాబాయ్ పక్కన స్టూలు మీద కూర్చుని చూస్తున్నాడు.

"ఏటిరా, పేరు మార్సి సూపిస్తే నమ్మేసిందా?"

"నమ్మేసింది బాబాయ్."

"అయితే రైల్లో టిక్కెట్లు సూసే టీటీఈల కన్నా ఇదే మంచిది గదరా."

లైసెన్సు దగ్గర మాత్రం అలాంటివి సాగలేదు. మెషీన్ పేరు, అందులోని నెట్‌వర్క్ కార్డు నంబరు కంపెనీకి చెప్పాలి. వాటిని బట్టి వాళ్లు ఒక ఫైలు పంపుతారు. ఆ ఫైలు ఆ పేరున్న ఆ మెషీన్ మీద తప్ప ఇంకెక్కడా పనిచేయదు. మెషీన్‌కు పేరేమిటని స్క్రీన్ మీద అడిగినప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లో బాబాయ్ అని కొట్టాను.

"ఏటి రాసినావు?"

"నీ పేరే."

"నా పేరు అది కాదు గదా."

"నేను పిలిసేది అదే గదా."

నవ్వాడు. "సర్లే. పిలిస్తే పలుకుద్దేమో సూద్దాం."

ఎస్‌టీడీ బూతు నుంచి కలకత్తా డీలరుకు ఫోన్ చేశాను. కార్డు నంబరు ఒక్కొక్క అక్షరం చెప్పించుకుని రాసుకున్నాడు. పేరు చెప్పగానే నవ్వాడు. బెంగాలీ ఇళ్లలో బాబాయ్ అంటే మగపిల్లవాణ్ణి పిలుచుకునే ముద్దుపేరు. "బాబాయ్ కే? ఎవరతను, మీ దాదా కొడుకా?" అని బెంగాలీలో అడిగాడు. బూతులో మీటరు తిరుగుతోంది. మా వరసలు వివరించే ఓపిక లేక, అలాంటిదే అన్నాను.

ఫైలు ఫ్లాపీలో వచ్చింది. ఏడాదికి, ఒక్క సీటు. అంటే ఒకసారికి ఒక్కరే వాడాలి. బాబాయ్‌కి సీటంటే ఆఫీసులో మనిషి కూర్చునే చోటు.

"ఒక్క సీటేనా? మరి నువ్వెక్కడ కూసుంటావు?"

"పొద్దున్న నువ్వు, మధ్యాహ్నం నేను."

"ఓస్, షిఫ్టు డ్యూటీయా" అన్నాడు.

ఆయన మౌసును పెన్నులా గట్టిగా నొక్కి పట్టుకునేవాడు. గీత చివరికి వచ్చేదాకా ఊపిరి బిగబట్టేవాడు. ఒకసారి గీత గీసి, సిరా ఆరడానికన్నట్టు స్క్రీన్ మీద ఊదాడు. గదిలో అందరూ నవ్వారు, ఆయనా నవ్వాడు. వెళ్లేటప్పుడు ప్రోగ్రాం మూసేవాడు కాదు. షీటు పూర్తి కానిదే బోర్డు మీంచి తీయరు కదా. మానిటర్ మీద ఆ పంచె ముక్కే కప్పి వెళ్లేవాడు. గుడ్డ మీద నాకు నమ్మకం చాలక, పాస్‌వర్డుతో స్క్రీన్‌కు తాళం వేయడం నేర్పించాను. పాస్‌వర్డు నాక్కూడా చెప్పొద్దన్నాను. అది శ్రద్ధగా పాటించాడు.

"మధ్యమధ్యలో సేవ్ చేస్తూ ఉండు బాబాయ్" అని కూడా చెప్పాను.

"గీసింది ఎక్కడికి పోద్దిరా?" అన్నాడు.

నాకు ఆ మాట బాగుందనిపించింది. ఇంటికొచ్చి అమ్మకు చెప్పి నవ్వాను కూడా. కూర్చోబెట్టి మళ్లీ చెప్పాల్సింది.

ఒకరోజు పొద్దుటి నుంచీ ఆయన ఒక ఫుట్‌బ్రిడ్జి మెట్లు గీశాడు. మొదటిసారి నన్నేమీ అడగలేదు. నేను లేచి చూడబోతే చేత్తో ఆపాడు. "తినేసి వచ్చాక సూపిస్తాను" అని, తాళం వేసి, గుడ్డ కప్పి, సైకిలెక్కి తాల్‌బగీచా వెళ్లాడు.

ఆయన అలా వెళ్లగానే ఒక కాంట్రాక్టరు వచ్చాడు. హౌరా లోకల్‌కు వెళ్లాలి, ఈలోగా ఒక స్తంభం కొలత మార్చి ప్రింటు కావాలి. గుడ్డ తీసి పక్కన పెట్టి, ఆయన తాళం అలాగే ఉంచి, లినక్స్‌లో ఇంకో తెర తెరిచి నా పేరుతో లాగిన్ అయ్యాను. సాఫ్ట్‌వేర్ తెరుచుకోలేదు. సీటు ఖాళీ లేదు, ఉన్న ఒక్కటీ బాబాయ్ అనే మెషీన్ మీద వాడుకలో ఉంది అని ఇంగ్లీషులో వచ్చింది. దాదా నా భుజం మీంచి చదివాడు.

"బాబాయ్ దగ్గర ఉందట. తీసెయ్."

"సేవ్ చేశాడో లేదో దాదా."

"చేసే ఉంటాడు. నువ్వు నేర్పించావు కదా?"

తాళం వేసిన స్క్రీన్ లోపలికి వెళ్లి సేవ్ చేసే దారి నాకు లేదు. మెషీన్ మొత్తానికి పెత్తనం ఉన్న పాస్‌వర్డు మాత్రం నా దగ్గర ఉంది. దాంతో ఒక్క కమాండు కొడితే ఆయన ప్రోగ్రాం ఆగిపోతుంది. కాంట్రాక్టరు గడియారం చూసుకున్నాడు. ఆ లోకల్ తర్వాత ఇంకో లోకల్ ఉంది. ఖరగ్‌పూర్‌లో పుట్టి పెరిగినవాడికి అది తెలియకుండా ఉండదు. కొట్టాను. సీటు ఖాళీ అయింది.

బాబాయ్ తిరిగొచ్చేసరికి కాంట్రాక్టరు వెళ్లిపోయాడు. స్టూలు మీద మడిచిన గుడ్డను చూశాడు. స్క్రీన్ చూశాడు.

"తీసేసినావా?"

"తీసేసినాను బాబాయ్. దాదా..."

"పోనీలే. నువ్వేటి, కావాలని సేసినావా." గుడ్డను చేతిలోకి తీసుకున్నాడు. "కాగితమైతే ఎంత గోకినా మచ్చుంటాదిరా. ఇక్కడ మచ్చ కూడా లేదు."

మళ్లీ గీద్దాం, నేను పక్కన కూర్చుంటానన్నాను. రేపు సూద్దామన్నాడు. ఆ గుడ్డ తీసుకెళ్లి తన బోర్డు మీద వేసుకున్నాడు. మళ్లీ మెషీన్ దగ్గర కూర్చోలేదు. పిలిచినప్పుడల్లా కళ్లు లాగుతున్నాయనో, పెన్ను పని మిగిలి ఉందనో అనేవాడు. పెన్ను పని నిజంగానే కొంచెం మిగిలి ఉంది. అది అయిపోయాక ఆయన రావడం మానేశాడు. దాదా పొమ్మనలేదు, ఉండమనీ అనలేదు. బాబాయ్ షాపుల బోర్డులకు తెలుగులో, హిందీలో, బెంగాలీలో పేర్లు రాయడం మొదలుపెట్టాడు. ఒక్కడినే సైకిల్ మీద ఇందా వెళ్తుంటే, ఆయన రాసిన అక్షరాలు దారిలో కనిపించేవి. నా మీద ఆయనకు కోపం ఉందని ఎప్పుడూ అనిపించలేదు. ఉంటే నాకు కొంత తేలికయ్యేది.

పొద్దున్నే మెషీన్ వేస్తే నల్లటి స్క్రీన్ మీద మొదట ఆ పేరే వచ్చేది. దాని పక్కన లాగిన్ అడిగేది. నా పేరు కొట్టేవాణ్ణి.

లైసెన్సు ఏటా తిరగరాయించుకోవాలి. ఫోన్ చేసినప్పుడల్లా డీలరు సరదాగా అడిగేవాడు: "బాబాయ్ కేమన్ ఆఛే?" బాగున్నాడని చెప్పేవాణ్ణి. అది నిజమే.

తొంభై తొమ్మిదిలో బాబాయ్ గుండె ఆగి పోయాడు. దినాలు అయ్యాక ఆఫీసుకు వెళ్తే లైసెన్సు గడువు దగ్గర పడిందని దాదా గుర్తుచేశాడు. బూతుకు వెళ్లాను. డీలరు ఎప్పటిలాగే అడిగాడు. బాబాయ్ లేడు, పోయాడు అని బెంగాలీలో చెప్పాను.  ఎంత వయసు బాబూ అని చాలా మెల్లగా అడిగాడు. అప్పుడు నాకు అర్థమై, పిల్లవాడు కాదు, మా కాకా, మా భాషలో కాకాను అలా పిలుస్తాం అని చెప్పాను.

"ఓ, కాకా!" అన్నాడు. ఆ గొంతులో ఊరట వినిపించింది. అది ఆయన తప్పు కాదు. వెంటనే సర్దుకుని, ఎలాగూ కొత్త ఫైలు చేస్తున్నాను, కావాలంటే మెషీన్ పేరు మార్చుకోవచ్చు అన్నాడు.

వద్దన్నాను.

"ఒక్క సీటేనా?"

"ఒక్కటే."